ఎప్పుడు సరేననాలి, ఎప్పుడు ఎందుకని అడగాలి?

ప్రశ్న: వార్డు నర్సు

అందరికీ నమస్కారం. నేను జనరల్ మెడిసిన్ వార్డులో స్టాఫ్ నర్సుని. చేరి రెండో ఏడాది నడుస్తోంది. ఒక సందేహం చాలా రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. ఉదాహరణలు నా పనిలోవే అయినా, ఇది నర్సులకే వచ్చే సందేహం కాదనిపించి అందరూ చదివే చోట రాస్తున్నాను.

ఈ మధ్య మా వార్డులో మూడు సంగతులు జరిగాయి.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న ఒక పెద్దావిడ జ్వరంతో అడ్మిట్ అయ్యారు. ఆవిడ ఇంట్లో వాడే మందులన్నీ చార్టులోకి ఎక్కించారు. అందులో మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు, రోజుకోసారి అని ఉంది. కీళ్ల జబ్బుకి ఆ మందు వారానికి ఒక్కసారే ఇస్తారని మేం చదువుకున్నాం. ఆవిడ కూతుర్ని అడిగితే "ఆదివారం ఆదివారం వేసుకుంటుందండీ" అంది. డ్యూటీ డాక్టర్‌కి చెప్పాను. ఆయన విసుక్కుంటూనే చార్టు దిద్దారు, జ్వరం కాబట్టి ఆ వారం డోసు కూడా ఆపేశారు. మా ఇన్‌చార్జ్ సిస్టర్ అందరి ముందూ నన్ను మెచ్చుకుంది.

తర్వాత ఒక రాత్రి కిడ్నీ పేషెంట్ ఒకాయనకి గుండె ఆగిపోయింది. సీపీఆర్ నడుస్తోంది. టీమ్‌ని నడిపిస్తున్న డాక్టర్ సోడియం బైకార్బనేట్ అనే ఇంజెక్షన్ ఇమ్మన్నారు. గుండె ఆగిన ప్రతి కేసులోనూ అది రొటీన్‌గా ఇవ్వకూడదని మాకు నేర్పారు. చేతిలో సిరంజి పట్టుకునే "ఇది రొటీన్‌గా ఇవ్వరు కదా సార్, ఎందుకు?" అన్నాను. "ముందు ఇవ్వు" అని అరిచారు. ఇచ్చాను. అంతా అయ్యాక ఇన్‌చార్జ్ సిస్టర్ పక్కకి పిలిచి "ప్రశ్నలకి అదా టైమ్?" అని కోప్పడింది. మొన్న మెచ్చుకున్న సిస్టరే.

మూడోది చిన్నది. ఇంకొకాయనకి గంటగంటకీ బీపీ చూడమని ఆర్డర్ ఉంది. మనిషి బాగానే ఉన్నారు. నిద్రలో ఉండగా కఫ్ బిగించి లేపుతుంటే దణ్ణం పెట్టి "అమ్మా, కాస్త పడుకోనివ్వు" అన్నారు. ఇది నిజంగా అవసరమా అని సీనియర్‌ని అడిగితే "చెప్పింది చెయ్యి" అంది.

మూడుసార్లూ నేను చేసింది ఒకటే, తేడాగా అనిపించినదాన్ని అడగడం. ఒకసారి శభాష్ అన్నారు, రెండుసార్లు నోరు మూయించారు. కాలేజీలో "అడగడం నేర్చుకోండి" అన్నారు. ఇంట్లో "పెద్దవాళ్లు చెప్పింది విను" అన్నారు. ఏ మాట ఎప్పుడు పనికొస్తుందో ఎవరూ చెప్పలేదు. మీరు ఎలా తేల్చుకుంటారు? దయచేసి "అనుభవం మీద తెలుస్తుంది" అనకండి. ఆ అనుభవంలో మీకు తెలిసిందేమిటో చెప్పండి.

జవాబు: ఐసీయూ సిస్టర్, రిటైర్డ్

అమ్మా, నీ చివరి మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. ఐసీయూలో నర్సుగా మొదలుపెట్టి ఇన్‌చార్జ్‌గా రిటైరయ్యాను. కొత్తగా చేరిన పిల్లలందరూ ఏదో ఒక రూపంలో నన్ను అడిగింది ఇదే.

మూడుసార్లూ ఒకటే పని చేశానంటున్నావు. పైకి చూస్తే ఒకటే. మెథోట్రెక్సేట్ దగ్గర, చార్టు రాసినాయనకి లేని సమాచారం నీ దగ్గర ఉంది. మందు ఎలా వాడతారో తెలుసు, కూతురి మాట కూడా ఉంది. రోజూ ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని, నోరంతా పుండ్లు పడి ప్రాణాల మీదికి వచ్చే మందు అది. నువ్వు చెప్పకపోతే చెప్పేవాళ్లు లేరు. బైకార్బనేట్ దగ్గర ఇది తిరగబడింది. అక్కడ డాక్టర్‌కి తెలిసింది నీకు తెలియదు. కిడ్నీ పేషెంట్ అన్నావు కదా, కిడ్నీలు చెడితే రక్తంలో పొటాషియం పెరగొచ్చు. ఆయనకి అది ఎంత ఉందో ఆ క్షణంలో నువ్వు చూసి ఉండవు. పొటాషియం బాగా పెరిగి గుండె ఆగితే బైకార్బనేట్ ఇస్తారు. రొటీన్‌గా వద్దన్న నియమంలోనే ఆ మినహాయింపు ఉంది. గుర్తు తెచ్చుకో, కాల్షియం కూడా ఇచ్చి ఉంటారు. ఆ రెండూ ఒకే సెలైన్ గొట్టంలో వెంటవెంటనే వెళ్తే లోపల తెల్లగా గడ్డకడతాయి, మధ్యలో సెలైన్‌తో ఫ్లష్ చెయ్యాలి. ఫ్లష్ చేయకుండా ఇస్తున్నారని నీ కంటపడితే మాత్రం ఎంత హడావిడిలోనైనా నోరు తెరిచి చెప్పాలి.

అందుకని నేను మొదట చూసుకునేది ఇదీ: అవతలివాళ్లకి తెలియనిది నాకు తెలుసా, లేక నాకు తెలియనిది వాళ్లకి తెలిసి ఉండొచ్చా. మొదటిదైతే ఒక్క క్షణం ఆగకుండా చెప్పాలి. రెండోదైతే అడగొచ్చు, సమయం చూసుకుని అడగాలి.

ఆ సమయాన్ని ఏది తేలుస్తుందంటావా? చేసినదాన్ని వెనక్కి తీసుకోగలమా లేదా అన్నది. నరంలోకి వెళ్లిన మందుని బయటికి లాగలేం. పొటాషియం క్లోరైడ్ ఆంపూల్‌ని పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కించమని ఎంత పెద్దవాళ్లు చెప్పినా నీ చెయ్యి ఆగిపోవాలి. చెయ్యి ఆగాకే మాట. గంటగంటకీ బీపీ అలాంటిది కాదు. ఈ రాత్రికి చూసి, రేపు మాన్పించొచ్చు.

అయినా ఆ బీపీ విషయంలో నువ్వు అడగడం న్యాయమే. వయసు మళ్లినవాళ్లకి ఆస్పత్రిలో నిద్ర చెడితే మనసు గందరగోళమైపోవడం నేను చాలాసార్లు చూశాను. నువ్వు అడిగిన చోటే సరైంది కాదు. ఆ ఆర్డర్ మీ సీనియర్ రాసింది కాదు. బహుశా ఆమెకీ కారణం తెలియదు, తెలియదని అనడం ఇష్టంలేక "చెప్పింది చెయ్యి" అంది. చార్టు వెనక్కి తిప్పు. కిడ్నీ బయాప్సీనో లివర్ బయాప్సీనో (సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) జరిగి ఉంటే, లోపల రక్తం కారుతోందేమో పట్టుకోడానికి మొదటి కొన్ని గంటలు అలా తరచుగా చూస్తారు. అదే కారణమైతే ఆయన దణ్ణం పెట్టినా లేపాల్సిందే, ఎందుకు లేపుతున్నావో చెప్పి మరీ లేపు. ఎప్పుడో అయిపోయిన బయాప్సీ అయితే ఆ ఆర్డర్ ఆపడం ఎవరో మర్చిపోయారు. పొద్దున రౌండ్స్‌లో రాత్రంతా తీసిన రీడింగులు చూపించి "ఇవన్నీ నిలకడగా ఉన్నాయి, ఇంకా గంటగంటకీ చూడాలా?" అని రాసినవాళ్లనే అడుగు.

ఇంకొకటి చెప్పాలి, ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్పేదాన్ని. 1966లో చార్లెస్ హాఫ్లింగ్ అనే సైకియాట్రిస్టు బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. డ్యూటీలో ఉన్న నర్సుకి ఫోన్ వస్తుంది. ఎప్పుడూ వినని డాక్టర్ గొంతు. ఫలానా పేషెంట్‌కి ఆస్ట్రోటెన్ అనే మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వండి, నేను వచ్చాక సంతకం పెడతాను అంటాడు. డబ్బా మీద గరిష్ఠ మోతాదు 10 అని రాసే ఉంది. అది వార్డులో అనుమతి ఉన్న మందు కాదు. ఫోన్‌లో ఆర్డర్ తీసుకోకూడదని నియమం కూడా ఉంది. 22 మంది నర్సుల్లో 21 మంది మందు ఇవ్వడానికి బయల్దేరారు. దారిలో ఆపి, అందులో ఉన్నది హాని లేని గ్లూకోజేనని చెప్పారు.

ఇది చదివి నర్సులకి సొంత బుద్ధి ఉండదని అన్నవాళ్లున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే 1977లో ర్యాంక్, జేకబ్సన్ అనే ఇద్దరు దాన్నే మార్చి చేశారు. ఈసారి మందు అందరికీ తెలిసిన వేలియమ్, మోతాదు మాత్రం మితిమీరింది. పక్కనున్న నర్సులతో మాట్లాడుకునే వీలూ ఉంది. 18 మందిలో ఇద్దరే ఇవ్వడానికి సిద్ధపడ్డారు. వాళ్లూ మనలాంటి నర్సులే. తమ చేతిలో ఉన్న మందేమిటో వాళ్లకి తెలుసు, అడగడానికి పక్కన ఒక మనిషి ఉంది. అందుకే నీకు ధైర్యం చాలడం లేదని ఎప్పుడూ అనుకోకు. మందుల పుస్తకం తెరువు, పక్క బెడ్ దగ్గరున్న అమ్మాయిని పిలిచి "ఇది నీకెలా అనిపిస్తోంది?" అను. డాక్టర్‌కి ఫోన్ చెయ్యడం ఆ తర్వాత చాలా తేలికవుతుంది.

సరేనని చేసేటప్పుడు కూడా గంగిరెద్దులా తలూపకు. విన్నదాన్ని తిరిగి పైకి చెప్పు. "బైకార్బనేట్ 50 ఎంఎల్, ఇస్తున్నాను" అని, అయ్యాక "ఇచ్చాను" అని. వాళ్లు తప్పు చెప్పినా నువ్వు తప్పు విన్నా అక్కడే బయటపడుతుంది. ఎమర్జెన్సీలో "ఎందుకు" అనేకంటే నీకు తెలిసిన సంగతి ముక్కగా చెప్పడం మేలు. ఉదాహరణకి గుండె ఆగినప్పుడు అడ్రినలిన్ మందు మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి ఇవ్వాలని డాక్టర్‌కి తెలుసు. ఆ గొడవలో ఎంతసేపైందో తెలియదు. "చివరి డోసు ఇచ్చి రెండు నిమిషాలు" అని నువ్వంటే, ఎవరినీ నిలదీయకుండానే తొందరపడి ఇవ్వబోయే డోసు ఆగుతుంది.

"ఎందుకు" అన్నది అంతా అయ్యాక. మా యూనిట్‌లో ప్రతి కోడ్ (గుండె ఆగినవాళ్ల కోసం టీమంతా పరిగెత్తే ఎమర్జెన్సీ) తర్వాత చేతులు కడుక్కుని అందరం కాసేపు నిలబడి మాట్లాడుకునేవాళ్లం, డాక్టర్లతో సహా. నీ బైకార్బనేట్ ప్రశ్న అక్కడ అడగాల్సిన మంచి ప్రశ్న. మీ వార్డులో అలాంటి కాసేపు లేకపోతే ఆ లోటు వార్డుది.

జవాబు: విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్

సిస్టర్ గారు చెప్పినదంతా మా వృత్తికీ సరిపోతుంది. నేను ఒక్క విషయం కలుపుతాను, అడిగే మాట ఎంత సూటిగా ఉండాలన్నది.

1978 డిసెంబర్ 28న అమెరికాలో పోర్ట్‌లాండ్‌కి వస్తున్న యునైటెడ్ 173 విమానంలో, చక్రాలు దించేటప్పుడు పెద్ద శబ్దం వచ్చింది, అవి సరిగా దిగాయని చూపే ఒక లైటు వెలగలేదు. కెప్టెన్ దాని మీదే దృష్టి పెట్టి దాదాపు గంటసేపు ఆకాశంలో చుట్లు కొట్టించారు. ఇంకో పదిహేను నిమిషాలు ఇలాగే తిరిగితే ఇంధనం బాగా తగ్గిపోతుందని ఫ్లైట్ ఇంజనీర్ అన్నారు. అన్నారు గానీ "ఇప్పుడే దించాలి" అనలేదు. చివరికి ఇంధనం అయిపోయి, ఇంజన్లు ఆగి, విమానాశ్రయానికి ఇంకా కొన్ని మైళ్లు ఉండగానే విమానం కూలింది. 189 మందిలో 10 మంది చనిపోయారు. దర్యాప్తు నివేదిక ఇంధనాన్ని పట్టించుకోనందుకు కెప్టెన్‌ని తప్పుపట్టింది. కాక్‌పిట్‌లోని మిగతా ఇద్దరు పరిస్థితి తీవ్రతను గుర్తించలేకపోయారని, లేదా తమ ఆందోళన ఆయనకి అర్థమయ్యేలా చెప్పలేకపోయారని కూడా రాసింది. 1979లో నాసా ఇలాంటి ప్రమాదాల మీద వర్క్‌షాప్ పెట్టింది. 1981లో యునైటెడ్ సంస్థే కాక్‌పిట్ సిబ్బందికి ఈ విషయంలో శిక్షణ మొదలుపెట్టింది. ఇప్పుడు క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని ప్రపంచమంతా నేర్పేది దాన్నుంచి పెరిగిందే.

పైవాళ్లతో మాట్లాడేటప్పుడు మనం గౌరవం కోసం మాటని మెత్తబరుస్తాం. మెత్తబరిచి మెత్తబరిచి చివరికి అందులో ప్రమాదం ఉన్నట్టే వినబడదు. గౌరవం గొంతులో ఉంచండి, సంగతి మాత్రం తగ్గించకండి.

ఒప్పుకోవడం గురించి కూడా చెప్తాను. మాన్యువల్‌లో ఒక బోల్టుకి ఇంత టార్క్ (బిగించే బలం) అని ఉంటే అంతే బిగిస్తాను. అంతే ఎందుకో చాలావాటికి నాకు తెలియదు. తెలియకుండానే హాయిగా ఒప్పుకుంటాను. ఎందుకంటే, మాన్యువల్ తప్పనిపిస్తే పని ఆపి తయారీ సంస్థని రాతపూర్వకంగా అడిగే దారి నాకుంది, అడిగినందుకు నన్నెవరూ ఏమీ అనరు. ఆ దారి లేని చోట మనుషులు ప్రతిదానికీ వాదిస్తారు, లేదా దేనికీ మాట్లాడరు. మీ వార్డులో అలాంటి దారి ఉందో లేదో ముందు తెలుసుకోండి.

జవాబు: మెడిసిన్ రెసిడెంట్

నేను ఆ విసుక్కునే డ్యూటీ డాక్టర్ల జాతివాణ్ణే, కాబట్టి అటువైపు నుంచి రాస్తున్నాను.

సిస్టర్, మీరు మెచ్చుకోలునీ తిట్లనీ బట్టి ప్రశ్న సరైందో కాదో లెక్కగడుతున్నారు. దయచేసి అది మానెయ్యండి. రాత్రి మూడింటికి నా గొంతులో ఉండే చిరాకు నిద్రలేమిది. మెథోట్రెక్సేట్ గురించి మిమ్మల్ని విసుక్కున్న డాక్టర్ కూడా చార్టు దిద్దారు, మీరు చూడాల్సింది అది. ఆయన గొంతు వల్ల మీరు ఇంకోసారి ఫోన్ చెయ్యడానికి జంకితే, అప్పుడు పేషెంట్‌కి నష్టం.

ఫోన్ చేసేటప్పుడు చార్టు ముందు పెట్టుకుని చెయ్యండి. "పేషెంట్ ఎలాగో ఉన్నారు సార్" అంటే నేనేం చెయ్యాలో నాకు తెలియదు. "బీపీ ఇందాక 120, ఇప్పుడు 90, చేతులు చల్లబడ్డాయి" అంటే మంచం దిగి పరిగెత్తుతాను. ముఖ్యమైనది ఒకటి, పొద్దుటిదాకా ఆగగలిగినవి ఐదు ఉంటే, ఆ ఐదూ ఒక కాగితం మీద రాసిపెట్టి రౌండ్స్‌లో ఇవ్వండి. ఆరూ కలిపి చెప్తే ముఖ్యమైనది వాటిలో మునిగిపోతుంది.

ఇంకో సంగతి. పెద్ద సిస్టర్ గారు చెప్పిన దాంట్లో ఒకచోట నాకు కొంచెం వేరే అభిప్రాయం ఉంది. వెనక్కి తీసుకోలేని ప్రమాదాలకే ప్రశ్నని దాచుకుంటే చాలదు. అందరూ మామూలే అనుకుని రోజూ చేసే పనుల్లో కూడా పెద్ద తప్పులుంటాయి, అవి ఏ ఒక్క రాత్రీ కనబడవు. గుండెపోటు వచ్చినవాళ్లలో అదనపు గుండె స్పందనలు ఎక్కువగా ఉంటే హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఎక్కువని తెలుసు. కాబట్టి వాటిని అణిచే మందు ఇస్తే బతుకుతారని డాక్టర్లు నమ్మారు, ఏళ్ల తరబడి ఇచ్చారు. ఈసీజీలో ఆ స్పందనలు నిజంగానే తగ్గేవి. చివరికి కాస్ట్ అనే ట్రయల్‌లో ఎన్‌కెయినైడ్, ఫ్లెకెయినైడ్ మందుల్ని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారు. మందు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది. 1989లోనే ఆ మందుల మీద ట్రయల్ ఆపేశారు. తర్కం చక్కగా ఉంది, ఈసీజీ చక్కబడింది, మనుషులు మాత్రం ఎక్కువమంది పోయారు. "స్పందనలు తగ్గితే మనుషులు నిజంగా ఎక్కువ కాలం బతుకుతున్నారా?" అని ఎవరో అడిగి, లెక్కపెట్టి చూడబట్టే అది బయటపడింది.

మీ స్థాయిలో కూడా ఇలాంటివి ఉంటాయి. ఆపరేషన్‌కి ముందు రేజర్‌తో వెంట్రుకలు తీయడం ఎన్నో చోట్ల అలవాటు. రేజర్ చర్మం మీద కంటికి కనబడని గాట్లు పెడుతుంది, వాటిలో ఇన్‌ఫెక్షన్ చేరుతుంది. రేజర్ వద్దని, తప్పనిసరైతే క్లిప్పర్ వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో చెప్పింది. మీ దగ్గర ఇంకా రేజరే ఉంటే, అది ఈ రాత్రి గొడవపడాల్సిన విషయం కాదు. ఆ మార్గదర్శకం ప్రింట్ తీసుకుని ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ని కలవాల్సిన విషయం. "ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం" అన్న జవాబు వస్తే అంతటితో ఒప్పుకోకండి, అలాగని వాళ్లంతా తెలివితక్కువవాళ్లనీ అనుకోకండి. మొదట అలా ఎందుకు మొదలుపెట్టారో కనుక్కోండి. ఆ కారణం ఇప్పటికీ ఉందా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

జవాబు: ఒక అమ్మ

నేను ఆస్పత్రిలో పనిచేసేదాన్ని కాదు. మా పాపకి టైప్ 1 డయాబెటిస్. శరీరంలో ఇన్సులిన్ తయారుకావడం ఆగిపోయింది, ఇక జీవితాంతం ఇంజెక్షన్ తీసుకోవాలని డాక్టర్ చెప్పిన రోజు నుంచి ఈ ప్రశ్నతోనే బతుకుతున్నాను.

ఆ మాటని నేను ఒప్పుకున్నాను. చుట్టాలు ఫలానా పొడి వాడితే ఇంజెక్షన్లు మానేయొచ్చని చెప్తూనే ఉంటారు. ఆ మాట మాత్రం మా ఇంట్లో చర్చకే రాదు. ఇన్సులిన్ మానేస్తే ఏమవుతుందో 1922కి ముందున్న పిల్లలందరికీ అయింది. అప్పట్లో పస్తులు పెట్టి కొన్నాళ్లు బతికించడం తప్ప దారి లేదు. టొరంటోలో లెనర్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి 1922 జనవరి 11న మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. సరిగా పనిచేయలేదు, ఎలర్జీ కూడా వచ్చింది. మందు శుద్ధిలో లోపముందని దాన్ని మళ్లీ శుద్ధి చేసి జనవరి 23న ఇస్తే షుగర్ దిగింది. మా పాప ఫ్రిజ్‌లో ఉన్న ఆ చిన్న సీసా అక్కణ్ణుంచి వచ్చింది.

కానీ రోజూ వచ్చే ప్రతి అంకెనీ అడుగుతాను. షుగర్ మీటర్ 300 చూపించిందనుకోండి, పాప మామూలుగా ఆడుకుంటోంది. వెంటనే డోసు వేసెయ్యను. చేతులు సబ్బుతో కడిగించి, తుడిచి, మళ్లీ చూస్తాను. వేలికి పండు రసం అంటుకుని ఉన్నా మీటర్ ఎక్కువే చూపిస్తుంది. ఆ తప్పుడు అంకెకి ఇన్సులిన్ వేస్తే షుగర్ పడిపోయి పిల్ల స్పృహ తప్పొచ్చు.

ఒకసారి పాపని అడ్మిట్ చేసినప్పుడు, ఇన్సులిన్ ఇచ్చేముందు ఒక నర్సమ్మ ఆగి "పాప తిన్నదా? ప్లేటు చూపించండి" అంది. ఎవరూ ఆమెని అడగమని చెప్పలేదు. ఆ రాత్రి నేను నిశ్చింతగా నిద్రపోయాను. మీరు అడగడం మానకండమ్మా.

మళ్లీ వార్డు నర్సు

అందరికీ చాలా చాలా థాంక్స్. సిస్టర్ గారూ, ఒక్కటి ఇంకా మిగిలింది. చెప్పాను, అయినా అవతలి డాక్టర్ వినలేదు. "నాకు తెలుసు, ఇచ్చెయ్యి" అని ఫోన్ పెట్టేశారు. ఆయన చాలా సీనియర్. నాకు మాత్రం అది తప్పని గట్టిగా అనిపిస్తోంది. అప్పుడు ఏ మాటలతో మాట్లాడాలి? టెన్షన్‌లో నాకు మాటలే దొరకవు.

జవాబు: ఐసీయూ సిస్టర్, రిటైర్డ్

మాటలు ముందే తయారుగా పెట్టుకో తల్లీ, అప్పటికప్పుడు దొరకవు. మెథోట్రెక్సేట్ సంగతే తీసుకుందాం. "సార్, చార్టులో మెథోట్రెక్సేట్ రోజూ అని ఉంది. ఆవిడ ఇంట్లో వారానికోసారి వేసుకుంటారు. రోజూ ఇస్తే ప్రమాదమని నాకు ఆందోళనగా ఉంది." ఇందులో ఆయన్ని తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు. వినలేదా, మళ్లీ చేసి అదే విషయం ఇంకో మాటల్లో చెప్పు. విమానాల్లోనూ ఆస్పత్రుల్లోనూ దీన్ని రెండుసార్లు చెప్పే నియమంగా నేర్పుతారు. మొదటిసారి వాళ్లు వేరే ఆలోచనలో ఉండి వినకపోయి ఉండొచ్చు, రెండోసారికి వినే అవకాశం ఎక్కువ. రెండోసారీ ఇమ్మంటే, "సార్, ఇది నేను ఇవ్వలేను. మందు ఆపి ఉంచాను. ఇన్‌చార్జ్‌కీ కన్సల్టెంట్‌కీ చెప్తున్నాను" అని, చెప్పినట్టే వాళ్లకి ఫోన్ చెయ్యి. ఆయనకి తెలియకుండా చెయ్యకు, చెప్పే చెయ్యి.

రెసిడెంట్ బాబు రోజువారీ అలవాట్ల గురించి అన్నది కరెక్టే, నేను దాన్ని తక్కువగా చెప్పాను. రేజర్ల సంగతి మా థియేటర్‌లో మార్చడానికి చాలా నెలలు పట్టింది. వెంటబడాల్సి వచ్చింది.

నోట్స్‌లో టైము, నువ్వన్న మాట, ఆయనన్న మాట ఉన్నదున్నట్టు రాయి. నీ కోపం, ఆయన కోపం అందులోకి రానీకు. షిఫ్ట్ మారేటప్పుడు వచ్చే అమ్మాయికి చార్టు చేతిలో పెట్టి ఊరుకోకుండా, "ఈ మందు ఆపి ఉంచాం, కన్సల్టెంట్ వచ్చి చూసేదాకా ఇవ్వొద్దు" అని నోటితో చెప్పు. లేకపోతే ఆమె పొద్దున్నే ఆ పాత ఆర్డర్ చూసి మాత్ర తీసుకుని బెడ్ దగ్గరికి వెళ్తుంది.